బందెలదొడ్డిలో డచెస్

హోల్ట్‌బరీలో సెయింట్ మైకేల్ పండగనాడు పందులకు స్నానం తప్పనిసరి. మనుషుల స్నానం ఎవరిష్టం వాళ్ళది. పొద్దున్నే ప్రతి పెరట్లోనూ బకెట్ల చప్పుడు, పందుల కేకలు, వాటిని మించి ఆడవాళ్ళ కేకలు. తరవాత ఊరు ఊరంతా పందుల్ని తోలుకుంటూ చర్చి ముందుకు చేరుతుంది. చర్చి గుమాస్తా ఓబదయా మెట్టెక్కి, గొంతు సవరించుకుని, రాజుల నాటి హక్కుల పత్రం చదువుతాడు. చదవడం అయ్యాక జేబెజ్ థ్రప్ బుగ్గలు పూరించి కొమ్ము ఊదుతాడు. అడవి గేటు తెరుచుకుంటుంది. పందులన్నీ ఓక్ చెట్ల కిందికి పరుగెత్తి, రాలిన కాయలు మేస్తూ చలి ముదిరేదాకా అక్కడే ఉండి బలుస్తాయి.

ఆ పత్రానిది ఆరువందల ఏళ్ళ వయసు. నిజానికి అది ఒక పత్రం కాదు, రెండు. జాన్ రాజు మెడలు వంచి ప్రభువులు రాయించుకున్నది పెద్ద పత్రం. చదువుకున్నవాళ్ళు దాన్ని మాగ్నా కార్టా అంటారు. ఆయన కొడుకు ఇంకా పదేళ్ళ పిల్లరాజుగా ఉన్నప్పుడు వచ్చింది అడవి పత్రం. ఎప్పటి పాదిరిగారో ఆ రెంటినీ కలిపి ఇంగ్లీషులో రాసిపెట్టి పైకి వెళ్ళిపోయాడు. ఎక్కడ ఒకటి ముగిసి రెండోది మొదలవుతుందో ఓబదయాకే తెలియదు. "సాటివారి తీర్పు లేనిదే ఏ స్వతంత్రుణ్ణీ పట్టుకోరాదు, బంధించరాదు" అన్న మాట అవగానే, ఊపిరి పీల్చుకోకుండా, "ప్రతి స్వతంత్రుడూ తన పందుల్ని అడవిలో మేపుకోవచ్చు" అని చదివేస్తాడు. అందుచేత మొదటి మాట కూడా పందుల గురించేనని హోల్ట్‌బరీ జనానికి గట్టి నమ్మకం. ఇంగ్లండు మొత్తంలో ఇలా నమ్మే ఊరు ఇంకొకటి ఉండదు.

కెజాయా ప్రింగ్ కూడా అలాగే నమ్మేది. మొగుడు పోయి చాలాకాలమైంది. ఆమెకు మిగిలినవల్లా ఒక చిన్న ఇల్లు, ఒక పెద్ద నోరు, డచెస్ అనే ఆడపంది. డచెస్ ఈనే పిల్లల్ని అమ్మితేనే ఇంటద్దె తీరుతుంది. ఓక్ కాయలు కడుపునిండా తింటేనే డచెస్ చలికాలం దాటి ఈనుతుంది. కాయలు పోతే డచెస్ పోయినట్టే, డచెస్ పోతే ఇల్లు పోయినట్టే. ఈ సంగతి నిద్రలో లేపి అడిగినా ఆమె చెప్పగలదు.

పక్కింటి జేబెజ్‌తో ఆమెకు మాటల్లేవు. ఏదో వేసవిలో డచెస్ అతని కంచె తోసుకుని వెళ్ళి, సంతలో బహుమతి కోసం పెంచుకుంటున్న క్యాబేజీ మడి మొత్తం నేలమట్టంగా తినేసింది. ఒక్క ఆకు మిగల్చలేదు. అప్పటినుంచి ఇద్దరూ నేరుగా మాట్లాడుకోరు. ఏమన్నా అనాలనుకుంటే డచెస్‌తో అంటారు. "ఏమే డచెస్, మీ ఇంటి పొగ గొట్టం నా పడగ్గదిలోకి ఊదుతోందని మీవాళ్ళకు చెప్పు" అని అతను గోడ మీంచి అంటాడు. "కిటికీ మూసుకుని పడుకోమను, డచెస్" అని ఆమె ఇటునుంచి అంటుంది. డచెస్ ఇద్దరి మాటలూ సమానంగా వింటుంది, ఎవరికీ జవాబివ్వదు.

ఒక ఏడు వసంతంలో, అడవికీ ఊరి పొలాలకూ యజమాని అయిన ముసలి దొర పోయాడు. ఎస్టేటు లండన్‌లో ఉండే మేనల్లుడి చేతికొచ్చింది. ఆయన రాలేదు, ఫెన్నర్ అనే ఆయన్ని దివానుగా పంపాడు. ఫెన్నర్ చెడ్డవాడు కాదు. నున్నగా గడ్డం గీసుకుని, కనబడ్డ ప్రతివాళ్ళనీ పేరుపెట్టి పలకరించేవాడు. చెడ్డవాడైతే ఊరు మొదటిరోజే ఒళ్ళు దగ్గర పెట్టుకునేది.

సెయింట్ మైకేల్ పండగనాడు ఎప్పటిలాగే పందులకు స్నానాలయ్యాయి. పత్రం చదవడం అయింది. కొమ్ము ఊదడం అయింది. తీరా వెళ్ళేసరికి అడవి చుట్టూ కొత్త కర్రల కంచె, గేటుకు తాళం. గేటు ముందు టోపీ చేత్తో పట్టుకుని, చిరునవ్వుతో ఫెన్నర్.

"కంగారు పడకండి. ఎవరి పందీ పస్తుండదు" అన్నాడాయన. "అడవి దొరగారిది. మీ పందులు మేస్తే ఆయనకేం అభ్యంతరం లేదు. ఇకనుంచి ఏటా ఆఫీసుకొచ్చి, 'దొరగారి దయవల్ల మేపుకుంటున్నాను' అన్న చీటీ మీద గుర్తు పెట్టండి, చీటీ పట్టుకెళ్ళండి. పెన్నీ కూడా అడగను."

జనం తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. ఓస్, అంతేనా అన్నారెవరో. కెజాయాకు మాత్రం ఆ దయ అన్న మాట గొంతులో చేపముల్లులా అడ్డుపడింది.

"అయ్యా, ఏ ఏడన్నా దొరగారికి దయ కలక్కపోతేనో?" అంది.

"కలుగుతుందమ్మా."

"కలుగుతుందని మీరంటున్నారు. కలక్కపోతే ఏం చెయ్యాలో చెప్పండి."

ఫెన్నర్ నవ్వి, పక్కనున్న రైతును పేరుపెట్టి పలకరించాడు. అందరూ అటు చూస్తూ ఉండగా, ఇటు డచెస్ తన పని తాను చూసుకుంది. ఎన్నో ఏళ్ళుగా కొమ్ము మోగితే అడవిలోకి పోవడమే దానికి తెలుసు. మధ్యలో దివాన్లూ చీటీలూ ఉంటాయని దానికెవరూ చెప్పలేదు. కంచె కింద మూతి దూర్చి ఒక్క ఎత్తు ఎత్తింది. రెండు కర్రలు ఫెళ్ళున విరిగాయి. తోక ఆడించుకుంటూ లోపలికి పోయింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఫెన్నర్ ముఖంలో నవ్వు మొదటిసారి కొంచెం తగ్గింది.

సాయంత్రానికల్లా దొర మనుషులు డచెస్‌ను పట్టుకొచ్చి బందెలదొడ్డిలో పెట్టారు. మిగతావాళ్ళు పందుల్ని ఇళ్ళకు తోలుకుపోయి, ఏం జరుగుతుందో చూద్దామని కూర్చున్నారు. ఇంకా ఒక్కరూ చీటీ తీసుకోలేదు. అలాగని, మేం తీసుకోం అనీ ఎవరూ అనలేదు. అందరి కళ్ళూ కెజాయా మీదే.

మర్నాడు ఫెన్నర్ స్వయంగా బందెలదొడ్డి దగ్గరికి వచ్చాడు. కెజాయా అప్పటికే గోడ మీంచి గంజి పోస్తోంది.

"కెజాయా, ఎందుకమ్మా ఈ పంతం? ఇదిగో చీటీ. ఒక్క గుర్తు పెట్టు. ఇప్పుడే తాళం తీయిస్తాను. కంచె విరిగిన సంగతి కూడా మర్చిపోతాను."

ఆమె చీటీ వైపు చూసింది. తరవాత డచెస్ వైపు చూసింది. డచెస్ అప్పుడే చిక్కినట్టు అనిపించింది. నిజంగా చిక్కలేదు, కానీ ప్రేమకు కళ్ళు తిన్నగా ఉండవు. చెయ్యి చాపాలని ఎంత ఉందో ఆమెకే తెలుసు. గుర్తు పెడితే ఈ చలికాలం గడుస్తుంది. కానీ వచ్చే చలికాలం ఆ చిరునవ్వు చేతిలో ఉంటుంది.

"అయ్యా, మా అమ్మ ఎవరి దయా అడక్కుండానే మేపింది. మా అమ్మమ్మ కూడా అంతే. నేను దయ కావాలంటే ఆదివారం చర్చిలో అడుగుతాను. పందికోసం అడగను."

"మరి?"

"పత్రంలో ఏముందో మీకు తెలుసుగా. సాటివారి తీర్పు లేకుండా పట్టుకోరాదు, బంధించరాదు. డచెస్‌ను పట్టుకున్నారు, బంధించారు. తీర్పేదీ?"

ఫెన్నర్‌కు ఈసారి నిజంగానే నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని నవ్వాడు. "ఏవమ్మా, పందికి సాటివాళ్ళంటే పన్నెండు పందుల్ని కూర్చోబెట్టమంటావా?"

"పందికి కాదు, నాకు. అది నోరులేనిది, దాని బదులు నేనున్నాను. నా సాటివాళ్ళని పిలవండి."

నవ్వు తగ్గాక ఫెన్నర్ ఆలోచనలో పడ్డాడు. ఎస్టేటు కోర్టు పేరుకు ఇంకా బతికే ఉంది. దివాను కూర్చుంటాడు, పన్నెండుమంది రైతులు ప్రమాణం చేసి తీర్పు చెప్తారు. ఆ పన్నెండుమందీ దొర భూములు దున్నుకునేవాళ్ళే. వాళ్ళచేతే చెప్పిస్తే ఊరు ఇక నోరెత్తదు. పైగా ఆ పన్నెండుమందికి పెద్దగా ఎవర్ని పెట్టాలో ఆయనకు అప్పటికే తట్టింది.

"సరే, తీర్పే కావాలంటావు. శుక్రవారం సత్రంలో కోర్టు. జ్యూరీకి పెద్ద జేబెజ్ థ్రప్" అన్నాడు.

కెజాయా చేతిలోంచి గంజి గిన్నె గోడ లోపలికి పడింది. డచెస్ ఏమీ పట్టనట్టు అది కూడా నాకేసింది.

శుక్రవారం వరకూ కెజాయా రోజులో సగం బందెలదొడ్డి దగ్గరే గడిపింది. జేబెజ్ కూడా రోజూ అటుగానే పోతూ, ఆగి, గోడ మీద మోచేతులానించి లోపలికి చూసేవాడు.

"ఏమే డచెస్, ఎలా ఉంది జైలు? నా క్యాబేజీల ఉసురు ఊరికే పోతుందనుకున్నావా?"

కెజాయా గిన్నె కడుగుతూ, "డచెస్, ఆయన్నడుగు. పెద్దమనిషి కుర్చీలో కూర్చోడానికి కొత్త చొక్కా కుట్టించుకున్నాడా అని" అంది.

"కుట్టించుకున్నానని చెప్పవే, డచెస్. తీర్పు చెప్పేటప్పుడు బాగా కనబడాలి కదా!"

అతను ఈల వేసుకుంటూ వెళ్ళాడు. ఆ ఈల వినగానే ఆమెకు ఒళ్ళు మండిపోయింది, దాని వెనకే భయం కూడా వేసింది.

శుక్రవారం సత్రం పై గది కిటకిటలాడింది. ఎదురుగా ఫెన్నర్. పక్కన రెండు బెంచీల మీద పన్నెండుమంది, కొసన కొత్త చొక్కాతో జేబెజ్. ఫెన్నర్ లేచి మర్యాదగానే మాట్లాడాడు. కంచె విరిగింది, పంది లోపలికి పోయింది, ఇవి అందరూ చూసినవే అన్నాడు. ఇక పత్రం సంగతి.

"ఈ ఊరంటే నాకు గౌరవం. కానీ నిజం చెప్పక తప్పదు. మీరు ఏటా చదివేది రెండు వేరు వేరు పత్రాలు. బంధించరాదన్న మాట ఒకదాంట్లోది, పందుల మాట ఇంకోదాంట్లోది. దానికీ దీనికీ సంబంధమే లేదు."

గది ఒక్కసారిగా చల్లబడింది. ఊరికి ఇది నిజంగా దెబ్బే. ఓబదయా కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. ఎంత తుడిచినా రెండు పత్రాలు ఒకటి కాలేదు.

"పైగా అవి రాయించుకున్నది కోటలున్న ప్రభువులు" అన్నాడు ఫెన్నర్. "వాళ్ళకోసం వాళ్ళు రాయించుకున్నారు. అప్పట్లో మీ తాతముత్తాతలు వాళ్ళ పొలాలకు కట్టుపడ్డ పాలేర్లు. స్వతంత్రుడు అన్న మాటలో వాళ్ళు లేరు. ఆడవాళ్ళు అసలే లేరు. నువ్వేమంటావమ్మా?"

ఆయన చెప్పింది అబద్ధం కాదు. అదే ఇబ్బంది. కెజాయా లేచి నిలబడింది. నోరు ఎప్పటిలాగే తయారుగా ఉంది.

"మీరు చదువుకున్నారు, మీరన్నది నిజమే అయ్యుంటుంది. మా ఇంట్లో మేం చాలామందిమి. నేను ఆఖరిదాన్ని. మా పెద్దన్నకి కుట్టించిన కోటు వాడికి పొట్టయితే రెండోవాడికిచ్చారు, వాడి తరవాత మా అక్కకి, అలా అలా నా దాకా వచ్చింది. చంక దగ్గర మా అమ్మ కుట్లు విప్పింది, కింద బట్ట అతికింది. అది నాకోసం కుట్టింది కాదు. కుట్టినప్పటికి నేను పుట్టనేలేదు. అయినా చలికాలం నేను దాన్ని తొడుక్కున్నాను, అది నాదే అయింది. ఇది మీ పెద్దన్నది కదా, విప్పెయ్యి అని నడివీధిలో ఎవరూ అన్లేదు. మీరంటున్నారు."

ఆమె బెంచీల మీది పన్నెండుమంది వైపు తిరిగింది.

"అడవిలో మేపుకునే ప్రతి ఏడూ మేం ఆ పత్రాన్ని అలాగే తొడుక్కుంటున్నాం. ఇంతమందిమి తొడుక్కున్నాం గనకే అది ఇంకా చిరిగిపోలేదు. పెట్టెలో పెట్టుంటే ఎప్పుడో చిమ్మటలు తినేసేవి. అంతే. నాకింకేం రాదు చెప్పడానికి."

కూర్చుంది.

పన్నెండుమందీ లేచి పెరట్లోకి వెళ్ళారు. కిటికీ సందులోంచి మాటలు ముక్కలు ముక్కలుగా పైకి వస్తున్నాయి. అందులో జేబెజ్ గొంతే పెద్దది. "క్యాబేజీ" అని వినబడింది. తరవాత మళ్ళీ "క్యాబేజీలు!" అని. ఎవరో "దొర భూమి లాక్కుంటే?" అన్నారు. గొంతులు పైకి లేచాయి, పడిపోయాయి, మళ్ళీ లేచాయి. మళ్ళీ క్యాబేజీ. కెజాయా కళ్ళు మూసుకుని, ఇక అమ్మక తప్పదు, సంతలో డచెస్‌ను ఎవరైనా మంచివాడు కొనుక్కుంటే బాగుండునని అనుకుంది. అప్పుడే ఏడుపొచ్చింది.

వాళ్ళు తిరిగొచ్చారు. జేబెజ్ చొక్కా సర్దుకున్నాడు.

"చెప్పు, థ్రప్" అన్నాడు ఫెన్నర్ చిరునవ్వుతో.

"చెప్తానయ్యా. మొదటిది, ఆ పంది దొంగది. ఇందులో మా పన్నెండుమందికీ అనుమానం లేదు. నాకైతే అసల్లేదు. రెండోది, దాని యజమానురాలికి నోటికి తాళం లేదు. ఇందులోనూ అనుమానం లేదు." గది గొల్లుమంది. జేబెజ్ నవ్వలేదు. "మూడోది, ఆ కాయలు దాని హక్కు. దయ కాదు, హక్కు. కంచే అడ్డంగా వచ్చింది, పంది కాదు. పందిని వదిలిపెట్టాలి. గేటుకి తాళం తియ్యాలి. ఇదీ మా తీర్పు."

ఫెన్నర్ కుర్చీలో ముందుకు వంగాడు. "నీకు ఆ పందంటే పడదుగా?"

"పడదు."

"ఆ మనిషన్నా పడదుగా?"

"అస్సలు పడదయ్యా. మాటలు కూడా లేవు."

"మరి?"

"మరేవిటి? ఇవాళ మమ్మల్నడక్కుండా ఆవిడ పందిని కట్టేస్తే, రేపు నా పందిని కట్టేస్తారు. ఎల్లుండి నన్నే కట్టేస్తారు. మీకు నేను నచ్చుతానన్న నమ్మకం ఏవిటి? నచ్చినవాళ్ళకే ఇచ్చేటట్టయితే దాన్ని హక్కని ఎందుకంటారు? నా క్యాబేజీల గొడవ నాది. దానికి వేరే లెక్కుంది. దాన్ని తెచ్చి ఇందులో కలపను. మీరు కలుపుతాననుకున్నారు."

ఫెన్నర్ తల దించుకున్నాడు. మొదటే చెప్పాను, ఆయన చెడ్డవాడు కాదు. తనే పిలిచిన కోర్టు, తనే ఎంచుకున్న మనిషి. కాదంటే ఇక ఆ ఊళ్ళో ఆయన మాటకు విలువుండదు. లండన్‌కు ఏం రాయాలో ఆలోచించుకుంటూ బందెలదొడ్డి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

జనం కేకలతో సత్రం పైకప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. కెజాయా మాత్రం కూర్చున్నచోటే ఏప్రన్ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. జేబెజ్ ఆమె ముందు నుంచే మెట్ల వైపు పోతూ ఆగాడు.

"ఏడవకు, కెజాయా" అన్నాడు. డచెస్ అక్కడ లేదు. నేరుగా ఆమెతోనే అన్నాడు. అని, తనే కంగారు పడి, గబగబా మెట్లు దిగిపోయాడు.

మర్నాడు పందులకు మళ్ళీ స్నానాలు చేయించారు. ఓబదయా మళ్ళీ పత్రం చదివాడు. రెండు పత్రాలని ఇప్పుడు తెలుసు గనక, మధ్యలో ఆగుతాడేమోనని అందరూ చెవులు రిక్కించారు. ఆగలేదు. ఎప్పటిలాగే ఊపిరి పీల్చుకోకుండా ఒక్కటిగా చదివేశాడు. ఎవరూ తప్పు పట్టలేదు. కొమ్ము మోగింది. డచెస్ అందరికంటే ముందు పరుగెత్తింది, కంచె కింద నుంచి కాదు, తెరిచిన గేటులోంచి.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేదని కెజాయా తరవాత అనేది. అవలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక జేబెజ్ గోడ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"పాత లెక్కొకటుంది, గుర్తుందిగా? ఆ కోర్టులోనే నీమీద దావా వేస్తున్నాను. క్యాబేజీలు."

"ఇన్నేళ్ళ తరవాతా!"

"ఇన్నేళ్ళూ ఆ కోర్టు పనిచేస్తుందని నాకు తెలీదు."

"వెయ్యి. పన్నెండుమందిని పిలిపించు. అందులో నువ్వుండకూడదు, చెప్తున్నా."

"నేనెందుకుంటాను? నాకూ తెలుసు ఆమాత్రం న్యాయం."

దావా నడిచింది. కెజాయా తన పక్షాన తనే వాదించుకుంది. కంచె పుచ్చిపోయిందని, క్యాబేజీలు చిన్నవని, డచెస్ అప్పుడు చిన్నపిల్లని, ఇంకా చాలా చెప్పింది. పన్నెండుమందీ అంతా విని, వసంతంలో డచెస్ ఈనే పిల్లల్లో మొదటిదాన్ని జేబెజ్‌కు ఇచ్చెయ్యాలని తీర్పు చెప్పారు. ఆమె ఓడిపోయింది. ఇంటికి నడుస్తూ, కోపం వస్తుందేమోనని దారి పొడుగునా ఎదురుచూసింది. రాలేదు. తనను గెలిపించిన బెంచీయే తనను ఓడించింది. అది ఇద్దరివైపూ ఒక్కలాగే పనిచేస్తోందంటే, రేపు తనకు మళ్ళీ అవసరం పడ్డప్పుడు కూడా అక్కడే ఉంటుంది. గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఆమె ఏదో పాట కూనిరాగం తీస్తోంది.

డచెస్ ఆ చలికాలం పీపాలా బలిసింది. మంచు కరిగాక ఈనింది. పిల్లలు పాలు మరిచిన రోజున కెజాయా వాటిలో మొదటిదాన్ని, అన్నిటికంటే గట్టిగా అరిచేదాన్ని, ఏప్రన్‌లో చుట్టుకుని పక్కింటికి వెళ్ళింది. ఎన్నాళ్ళనుంచో తొక్కని గుమ్మం అది. లోపల రొట్టె కాలుతున్న వాసన వస్తోంది. పంది పిల్ల ఒక చేతిలో గింజుకుంటూ ఉంటే, రెండో చేత్తో తలుపు దబదబా బాదింది.

"ఎవరది?" అన్నాడు జేబెజ్ లోపల్నుంచి.

"నేనే, కెజాయాని. తలుపు తీ. నీ హక్కు తెచ్చాను. కరుస్తుంది, జాగ్రత్త."